తిరపమ్మ వేలి గీత

ఒకప్పుడు అద్దకంవారి పేటలో లేపనం కోసం వచ్చినవారు నోరు తెరిచి అడిగేవారు కాదు. గడప దగ్గర నిలబడి కుడి చూపుడు వేలు చాపేవారు. ఆ అలవాటు ఇప్పుడు లేదు.

ఏ రాజు ఏలుబడిలో జరిగిందో చెప్పగలవారు పోయారు. ఏ వాగు ఒడ్డునో ఆ వాగుకే గుర్తుండాలి. అక్కడ బట్టలకు రంగులద్దే ముప్పై ఇళ్లుండేవి. పటిక నీళ్లలో, సున్నపు తేటలో నాని నాని అక్కడివారి చేతులు కందేవి, పొలుసులు లేచేవి, దురద పెట్టేవి.

ఒకసారి ఒక వైద్యుడు ఆ దారిన పోతూ మూడు రోజులు ఆగాడు. వాపునూ దురదనూ అణిచే తెల్లని లేపనం కుండెడు చేసి, వాడే తీరు చెప్పాడు. "ఇది గట్టి మందు. గట్టిది కాబట్టే భయం ఉండాలి. ఏం చెప్పానో తిరిగి చెప్పండి" అన్నాడు. పెద్దలు తలా ఒక మాట మార్చి చెప్పారు. పొల్లుపోకుండా చెప్పింది బట్టలు జాడించే తిరపమ్మ ఒక్కతే. కుండ ఆమెకే ఇచ్చాడు.

తిరపమ్మ వచ్చినవారి మణికట్టుకు ఎర్రదారం కట్టేది. వేలి కొన నుంచి మొదటి గీత దాకా లేపనం పెట్టేది. "రెండు అరచేతులంత చోటుకు ఇది సరి. పలచగా రాయి. ముఖానికి వద్దు. పైన గుడ్డ చుట్టకు. ఎరుపు పోయిన రోజున వచ్చి దారం విప్పించుకో. పక్షం దాటినా పోకపోతే వైద్యుడి దగ్గరికి పోదాం. కొబ్బరినూనె మాత్రం రోజూ రాసుకో" అనేది.

ఆమె తమ్ముడి భార్య వరాలు. బట్ట మీద వెంట్రుకంత సన్నగీత గీయగల చెయ్యి ఆ పేటలో వరాలుదే. ఆ చేతి మీదే ఆ ఇల్లు నడిచేది. ఆ చెయ్యే కందింది.

తిరపమ్మ వేలి మీద పెట్టిన లేపనం చూసి వరాలు మనసు చివుక్కుమంది. 'కుండెడు మందు పెట్టుకుని ఇంతేనా? మిగిలింది ఏం చేస్తోంది?'

అద్దకంలో ఒక్క ముంచుకు రంగు పట్టదు. మూడు ముంచులు పడితేనే ఎరుపు నిలుస్తుంది. మందూ అంతే అనుకుంది వరాలు. వదిన వాగుకు వెళ్లిన వేళ చూసి, కుండలోంచి తీసి, మోచేతి దాకా మూడు పూతలు పూసి, పైన గుడ్డ చుట్టింది. రోజూ అదే పని.

మొదటి నెల దురద మాయమైంది. 'ఇంత గుణం దాచింది చూడు! మిగిలింది ఏం చేస్తోంది?'

రెండో నెల చెయ్యి తెల్లబడి నిగనిగలాడింది. 'ఎవరికి దాస్తోంది?'

మూడో నెల చర్మం ఉల్లిపొరలా పలచబడింది. గాజు తగిలితే ఊదారంగు మచ్చ పడేది. బట్ట అంచు గీరితే చిట్లేది. భయపడి ఒక్కసారిగా మానేసింది. మూడు రోజులకు ఎరుపు రెట్టింపై, చెయ్యి నిప్పులా మండింది.

వరాలు వాగుకు పరుగెత్తింది. "వదినా! కుండలో ఏం కలిపావు?"

తిరపమ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. "ఎన్ని పూతలు?"

"నేనేం ముట్టుకోలేదు."

"ఎన్ని పూతలే?"

"...మూడు."

"నీ చెయ్యి పంచె అనుకున్నావుటే, ముంచి ముంచి ఆరెయ్యడానికి?"

వరాలు ఏడ్చింది. "కుండ తరుగుతోందని నీకు తెలియదా?"

"తెలుసు. ముప్పై ఇళ్లనూ అనుమానించాను. నిన్ను తప్ప."

ఇద్దరూ మూడు రోజులు నడిచి వైద్యుణ్ణి చేరారు. ఇలాగే రాయకూడదు, ఒక్కసారిగా మానకూడదు అన్నాడాయన. కొన్నాళ్లు రోజుకొక పలచని పూత, ఆపైన రోజు విడిచి రోజు, ఆపైన వారానికి రెండు, తరువాత ఏమీ లేదు. రాసే రోజున తిరపమ్మ దారం కట్టేది, రాయని రోజున విప్పేది. ఏడాదికి వరాలు మళ్లీ సన్నగీత గీసింది. మోచేతి మడతలో తెల్లని చారలు మాత్రం పోలేదు. ఎవరు అడిగినా చారలెందుకు పడ్డాయో తిరపమ్మ చెప్పలేదు.

ఆ మరుసటి వానకారులో జ్వరం వచ్చి తిరపమ్మ పోయింది. మిగిలింది ఏం చేసిందో చూద్దామని పేటవారు గుడిసె వెతికారు. కుండలో అడుగున కొంచెం లేపనం ఉంది. పక్కన ఒక మూట. విప్పి చూస్తే, మానిన చేతుల నుంచి విప్పిన ఎర్రదారాలు.

ఇప్పటికీ అద్దకంవారి ఇళ్లలో లేపనం మొదలుపెట్టిన రోజున మణికట్టుకు ఎర్రదారం కడతారు. ఎవరైనా ఎక్కువ తీస్తే "తిరపమ్మ గీత దాటకు" అంటారు.

వరాలు ముసలిదయ్యాక, వదినను గురించి అడిగినవారికి జ్వరం సంగతి చెప్పేది కాదు. ఆ ముందునాటి ఉదయం సంగతే చెప్పేది. తడిసిన పంచెకు చెరొక కొస పట్టుకున్నారట. "నువ్వు అటు తిప్పు, నేను ఇటు" అందట తిరపమ్మ. నీరంతా కారిపోయేదాకా పిండి, ఇసుక మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టారట.