తోకల హారంలో ఎండుకర్ర

వినండర్రా పిల్లలూ. అనగనగా ఒక అడవిలో ఒక్కటంటే ఒక్కటే వాగు ఉండేది. చీమ నుంచి ఏనుగు దాకా అందరూ ఆ నీళ్లే తాగేవారు.

ఒక ఎండాకాలం పులిరాజుకి ఉక్కపోసింది. "వాగుకి అడ్డుకట్ట వెయ్యండి. నీళ్లన్నీ నా గుహ ముందే నిలవాలి. రోజంతా అందులో పడుకుంటాను" అన్నాడు. బండలు దొర్లించే పని ఎలుగుబంట్లకు అప్పగించాడు.

అడవి గొల్లుమంది. దుప్పుల పెద్ద సుగంధి సభ పెట్టింది.

"ఎవరూ పొడవొద్దు, ఎవరూ కరవొద్దు. ఒకరి తోక ఒకరు నోట పట్టుకుని వాగు పొడవునా నిలబడదాం. మనల్ని దాటి ఎవరు బండ వేస్తారో చూద్దాం. అందర్నీ ఒక్కపూటలో తినడం పులి వల్ల కూడా కాదు. మనమంతా ఒక్కటే!" అంది.

అందరూ జేజేలు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే బారులు తీరారు. అడవిపంది బొద్దమ్మ కూడా తొమ్మిదిమంది పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. ఆమెకు సుగంధి వెనకాల చోటు దొరికింది. తోక పట్టుకోవడానికి బొద్దమ్మ నోరు తెరవగానే సుగంధి ఉలిక్కిపడి పక్కకి గెంతింది.

"అయ్యో, తప్పుగా అనుకోకు బొద్దమ్మా. నువ్వంటే మాకు ఎంతో గౌరవం. కానీ ఆ బురద మూతి..." అని, ఒక ఎండుకర్రని తీగతో తన తోకకి కట్టించుకుంది. "ఇదిగో, నువ్వు ఆ కొస పట్టుకో. హారం హారమే కదా!"

బొద్దమ్మ మనసు చివుక్కుమంది. కానీ పిల్లలకు నీళ్లు కావాలి. కర్ర కొస పట్టుకుంది.

పులిరాజు మంత్రి నక్క వచ్చాడు. ముందు అడవిదున్నల దగ్గరికెళ్లి, "మీ పేర్లన్నీ రాసుకున్నాను" అని బెదిరించాడు. దున్నలు కదల్లేదు. తర్వాత కోతుల దగ్గరికెళ్లి పనసపండు చూపించాడు. నోళ్లు ఊరాయి గానీ ఎవరూ తోక వదల్లేదు. చివరికి కర్ర దగ్గరికొచ్చాడు. పైనుంచి కిందికి చూశాడు. నవ్వాడు. దాని మీద కాలేసి తొక్కాడు. కర్ర పటుక్కున విరిగింది.

ఎలుగుబంట్లు బండ దొర్లించుకుంటూ అటే వచ్చాయి.

"సుగంధక్కా! నీ తోక ఇటివ్వు, నేను పట్టుకుంటాను! త్వరగా!" అని అరిచింది బొద్దమ్మ.

సుగంధి తోక కాళ్ల మధ్యకు లాక్కుంది. "ముందు మూతి కడుక్కుని రా" అంది.

"కడుక్కునే నీళ్లే పోతున్నాయి కదక్కా!"

అంతలో మొదటి బండ వాగులో పడింది. రెండోది పడింది. పొద్దుగూకేసరికి వాగులో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. బొద్దమ్మ పిల్లల్ని తీసుకుని నీళ్లు వెతుక్కుంటూ కొండ అవతలికి వెళ్లిపోయింది.

మిగిలినవాళ్లు మళ్లీ సభ పెట్టారు.

"తప్పెవరిది?" అంది సుగంధి.

"కర్రది" అంది నెమలి.

"ఎండుది తేవడం పొరపాటు. ఈసారి పచ్చి వెదురు తెద్దాం" అన్నాడు కోతి.

అందరూ మెచ్చుకున్నారు. సుగంధి తీర్మానం చదవడానికి లేచింది. ఆమె కూన వచ్చి, "అమ్మా, దాహం" అంది.

"ఉండమ్మా, తీర్మానం అవనీ" అంది సుగంధి.

నీతి: పక్కవాణ్ణి ముట్టుకోవడానికి మొహం చిట్లించేవాళ్లు ఎంత పొడుగు హారం కట్టినా, అది తెగడానికి ఒక్క కాలు చాలు.