ధవళకోటలో చలిమిడి నైవేద్యం

హిమాలయాల్లో పదకొండు వేల అడుగుల ఎత్తున ఉన్న పాత రాజధాని ధవళకోట. ఇక్కడికి వచ్చే తెలుగు దంపతులు ముందుగా మా సత్రం అరుగు మీద కూలబడతారు. ఊపిరి చాలదు. ఇరవై రెండేళ్లుగా ఈ సత్రం చూసుకుంటున్న నాకే మెట్లెక్కితే ఆయాసం, ఇక వాళ్లనేం తొందరపెడతాను? వేడినీళ్లిచ్చి, ధవళాంబ గుడికి అలుపు తీరాకే వెళ్లమంటాను. ఆ గుడి వాకిట్లో గుంటపడిన నల్లరాయి ఒకటుంది. దాని దగ్గర మగవాళ్లు వంతులవారీగా బియ్యం దంచుతూ కనిపిస్తారు. ఇదేం ఆచారమని అందరూ అడుగుతారు.

పూర్వం ఇక్కడికి గోదావరి లంకల నుంచి గవర్రాజు, అచ్చియ్యమ్మ అనే దంపతులు కాలినడకన వచ్చారు. వారి ఒక్కగానొక్క కూతురు వరాలుకు ఏడో ఏట విషజ్వరం తగిలింది. యాత్రికుల నోట ధవళాంబ మహిమ విన్న తల్లి, జ్వరం తగ్గితే అమ్మవారి ఎదుట తన చేత్తో పొంగలి వండి పెడతానని మొక్కుకుంది. జ్వరం తగ్గింది. పిల్ల ఆకలని ఏడిస్తే, అన్నం పెట్టవచ్చని వైద్యుడు చెప్పిన గడువుకు ఒకరోజు ముందే రెండు ముద్దలు పెట్టింది. జ్వరం తిరగబెట్టి పిల్ల పోయింది.

ఆ దుఃఖంలో గవర్రాజు ఒక్క మాట అన్నాడు, నీ చేతి ముద్దే దాన్ని చంపిందని. ఆనాటి నుంచి అచ్చియ్యమ్మ అన్నం ముట్టలేదు. ఆయన ఆ మాట వెనక్కి తీసుకోనూ లేదు. మూడేళ్లు అలాగే గడిచాయి. జ్వరం ఒకసారి తగ్గింది కనుక మొక్కు తీర్చాల్సిందేనని ఆమె బయల్దేరితే, ఆయన మూట ఎత్తుకుని వెంట నడిచాడు. నాలుగు నెలల దారిలో వారి మధ్య అవసరానికి మించి మాట లేదు.

చేరిన మర్నాడు పొద్దున్నే ఆమె గుడి వాకిట్లో పొయ్యి పెట్టింది. ఎసరు ఇట్టే తెర్లింది. బియ్యం మాత్రం ఎంతకీ ఉడకలేదు. మధ్యాహ్నానికి మోపెడు కట్టెలు అయిపోయాయి, మెతుకు ఇంకా రాయిలాగే ఉంది. ఇంత ఎత్తున అన్నం ఉడకడం ఎంత కష్టమో పల్లపు మనుషులకేం తెలుసు? అచ్చియ్యమ్మ గరిటె కింద పెట్టేసింది.

"నువ్వన్నదే నిజం మావా. నా చేతి కూడు అమ్మోరికీ వద్దంట," అంది.

గవర్రాజు గోడకు చేరబడితే అలసటకు కన్ను మూతపడింది. ఆ పట్టపగటి నిద్రలో తెల్లచీర కట్టిన ముదుసలి కనిపించింది. ఈ కొండ మీద తన తల్లి వండినా అన్నం ఉడకదనీ, నానిన బియ్యం దంచి బెల్లం కలిపి పెడితే తింటాననీ చెప్పింది. వెళ్లబోతూ ఆగింది.

"దాని చేతిలో తప్పు లేదు. ఆ మాట దానికి నేను చెప్పను. అన్నవాడివి నువ్వే చెప్పుకో."

మెలకువ రాగానే గవర్రాజు మిగిలిన బియ్యం తానే నానబోశాడు. నల్లరాయి మీద పోసి గుండ్రాయితో దంచాడు. పది దెబ్బలకే రొప్పు వచ్చింది. భార్య సాయానికి లేస్తే వద్దన్నాడు. పిండి అయ్యాక బెల్లం ఆమె చేతికిచ్చి కలపమన్నాడు. అమ్మవారికి నివేదించిన తర్వాత తన చెయ్యి చాచాడు.

"పెట్టవే అచ్చీ. పిల్లకి ఆకలేసింది, పెట్టావు. నేనున్నా అదే పెడుదును. ఆ మాటన్న నోరు నాది, తప్పు నాది."

అచ్చియ్యమ్మ చాలాసేపు ఏడ్చింది. మొదటి ముద్ద ఆయనకు పెట్టి, రెండోది తాను తిన్నది.

ఇప్పుడు కుక్కర్లు వచ్చాయి, కొండ మీద అన్నం బాగానే ఉడుకుతోంది. అయినా అమ్మవారికి చలిమిడే నైవేద్యం. భర్త దంచాలి, భార్య కలపాలి. ఆమె చేతి ముద్ద అందుకునే ముందు, ఎప్పుడో ఆమెను అనేసి వెనక్కి తీసుకోని మాటను ఆయన తలచుకుని, తప్పు నాదని చెప్పాలి. అలాంటిదేమీ లేదనేవారూ ఉంటారు. వారిని ఇంకాసేపు దంచమంటాను.

ఈ నైవేద్యంతో కలుగుతాయనే సంతానం, సంపదల సంగతి నేను చెప్పలేను. ఎక్కేటప్పుడు ముందూ వెనకగా నడిచినవారు దిగేటప్పుడు పక్కపక్కన నడవడం మాత్రం కళ్లారా చూశాను. నా భార్య కనకాంగి పోయి తొమ్మిదేళ్లయింది. ఉన్న ఊరే కదా, ఎప్పుడైనా దంచవచ్చులే అనుకున్నాను. ఆమెతో చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. కనుక, ఇద్దరూ కలిసి వచ్చినవారు అలుపు తీరగానే గుడికి వెళ్లండి. ధవళాంబ మిమ్మల్ని చల్లగా చూచుగాక.