తోక నుంచి చదివిన తాటాకుల కట్ట

అనగనగా ఒక చిన్న రాజుగారు. ఉన్నది ఒక్క ఏనుగే అయినా, దర్పం మాత్రం వంద ఏనుగులున్నవాడిలా ఉండేది. కోటలో ఏ రోజు ఏం జరిగినా కామేశం గారని ఒకాయన తాటాకు మీద రాసి, తాడుకి గుచ్చి కట్ట కట్టేవాడు. రాజుగారికేమో నిన్నటి కబురే ముందు వినిపించాలిట. తాడుకి మొదట్లో ముడి ఉండేది, అందుకని ఈయన రోజూ కట్టంతా విప్పి, కొత్త ఆకు ముందు గుచ్చి, పాతవన్నీ దాని వెనక మళ్ళీ గుచ్చేవాడు. విప్పడం, గుచ్చడం, విప్పడం, గుచ్చడం! ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

కట్ట పెరిగింది, వేళ్ళు వాచాయి, కొలువు వేళకి పని తెమలట్లేదు. రేపూ ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు రాజు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదే ఈ పనితోనాయె! అన్నం ముందు కూర్చుని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కోడలు మాణిక్యం చూడలేకపోయింది. మామగారికి ఎదురుపడి చెప్పకూడదుగా, తలుపు చాటు నుంచి అత్తగారితో అంది:

“అత్తయ్యా, ఈ ఒక్క రాత్రికి పాతవన్నీ వరస తిరగేసి గుచ్చి, ఇక మీద కొత్త ఆకు చివర గుచ్చమనండి. చదివేటప్పుడు కట్ట తిరగేసి, తోక నుంచి వెనక్కి రమ్మనండి. ఇక రోజూ విప్పే పనేముంది?”

మర్నాడు రాజు రాకముందే కట్ట సిద్ధం. ఇదివరకు ఒక్క ఆకు చదివేసరికే కొలువు ముగిసేది. ఇప్పుడు బోలెడు తీరిక!

నిన్నటి ఆకులో ఏనుగు మేత ముట్టలేదని ఉంది. రాజు మండిపడ్డాడు. దీనికి మూలం ఎవడో, వాడి చేతే ఏనుగు లద్దెలు ఎత్తిస్తానన్నాడు.

ఎందుకు ముట్టలేదు? ఆకు తిప్పితే, మావటివాడు రాలేదు. ఎందుకు రాలేదు? ఆకు తిప్పితే, కాలు బెణికింది. ఎందుకు బెణికింది? ఆకు తిప్పితే, మామిడి టెంక మీద జారాడు. ఆ టెంక ఎక్కడిది?

కామేశం గారి చెయ్యి ఆగిపోయింది. కొలువు దక్కిందనుకున్న పూటే పోయేలా ఉంది మరి!

“చదవవయ్యా!” అన్నాడు రాజు.

“రాజుగారు పండు చీకి, టెంక మేడ మీంచి విసిరారు, ప్రభూ.”

పక్కనున్న రాణిగారికి నవ్వాగలేదు. అన్నమాట పోతుందని రాజుగారు తట్ట పట్టుకుని వెళ్ళాడు. ఆయన్ని ఆ అవతారంలో చూసి ఏనుగు అలక మానేసి చెరుకంతా మేసింది. కామేశం గారి పని పదిలం, ఇంట్లో పొయ్యి చల్లారలేదు. ఉపాయం కోడలిదని తెలిసి మాణిక్యానికి రాణిగారు పట్టుచీర పంపించింది.

అందుకే పిల్లలూ, తప్పెవరిదని గట్టిగా అరిచేముందు నాలుగాకులు వెనక్కి తిప్పుకోండి. ఆ రాజు మాత్రం అప్పట్నుంచి మామిడిపండు తినేముందు, కామేశం గారు ఎక్కడున్నాడని చుట్టూ చూసేవాడుట.

కథేమో కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లో దూరండి.