చేటెడు తవుడు

శిష్యుల రాతప్రతుల్లో పైడిరాజు మాస్టారు దేన్నీ వదిలేవారు కాదు. పేజీలకు పేజీలు కొట్టేసేవారు, చివర ఉన్నదాన్ని తెచ్చి మొదట్లో పెట్టించేవారు. పాత్రల పేర్ల జోలికి మాత్రం వెళ్ళేవారు కాదు. అడిగితే "అది నా పని కాదు" అనేవారు.

ఇందుమతి రెండేళ్ళుగా రాస్తున్న నవల ఒక పేరు దగ్గర ఆగిపోయింది. అందులో పదకొండేళ్ళ పిల్ల చచ్చిపోతుంది, తల్లి ఏడుస్తుంది. ఎన్నిసార్లు తిరగరాసినా ఆ ఏడుపు కాగితం మీదే ఉండిపోతోంది. పిల్లకి లత అని మరీ సాదా పేరు పెట్టడమే లోపమని ఆమెకు తోచింది. నోటుబుక్కులో అరవై పేర్లు రాసుకుని విజయనగరంలో మాస్టారి ఇంటికి వచ్చింది.

"తుహిన, హిరణ్వి, ఆరాత్రిక... ఎవరూ పెట్టనివే ఏరాను. ఏది కుదురుతుందో చెప్పండి మాస్టారూ. ఈసారి మీ పని కాదంటే ఊరుకోను."

ఆయన జాబితా మొత్తం చదివారు. "ఓపికే నీకు" అన్నారు. తరవాత చెప్పులేసుకుని, "పద, బస్సుంది" అన్నారు.

గజపతినగరం దాటాక ఒక చిన్న ఊళ్ళో దిగారు. ఎర్రయ్యమ్మ అనే ముసలామె ఇంటి ముందు కూచుని చింతపండులో గింజలు తీస్తోంది. మాస్టారు ఏటా వచ్చే మనిషే కాబట్టి ఆమె లేవలేదు.

"ఏటి బాబూ, ఈయేడు కూతుర్ని తెచ్చీసేరు?"

"కూతురు కాదు. కథలు రాస్తుంది."

"ఓలమ్మ, అయితే సదువొచ్చు" అంటూ ఇప్పుడు లేచింది. లోపల రేకుపెట్టెలోంచి నాలుగు మడతల కాగితం తెచ్చి ఇందుమతి చేతిలో పెట్టింది. మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"మా తవిటమ్మ ఇస్కూలు కాయితం. ముందు ఇద్దరు పురిట్లోనే పోనారు. ఇదేనా దక్కాలని సేటలో ఎట్టి పక్కింటామెకి ఇచ్చీసి, సేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నాం. తవుడుపాటి పిల్లని సావెందుకు సూస్తాది?" ఎర్రయ్యమ్మ మళ్ళీ కూచుని గింజ ఒకటి తీసి పక్కన వేసింది. "పదకొండేళ్ళు సూడనేదు. పచ్చకామెర్లొచ్చినప్పుడు సూసింది. ఫొటో నేదమ్మా, ఇదొక్కటే. బళ్ళో వేరే పేరు రాసేరు. ఎన్నిపాల్లు ఇన్నా నా నోట్లో నిలవదు. ఏటని ఉంది?"

"సౌగంధిక" అని చదివింది ఇందుమతి.

"సవుగంది..." ముసలామె సగంలో ఆగిపోయింది. "బాగుంది. ఆ పిల్లెవరో నానెరగను. మా తవిటమ్మ పేరు ఎక్కడేనా ఉందేటో, ఎనక్కి తిప్పి సూడమ్మా. ఒకపాలి ముట్టుకుంతాను."

ఇందుమతి కాగితం తిప్పింది. వెనక ఏమీ లేదు. ఉందని ఏదో ఒక చోట వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. రోజూ అబద్ధాలు అల్లే మనిషికి ఆ ఒక్కటీ నోట రాలేదు. మళ్ళీ ముందుకు తిప్పినప్పుడు ఆ గుండ్రటి చేతిరాతను గుర్తుపట్టింది. రెండేళ్ళుగా తన రాతప్రతుల అంచుల్లో చూస్తున్నదే. తలెత్తి గోడవైపు చూసింది. మాస్టారు ఇటు తిరగలేదు.

"నేదా? పోనీలే" అని ఎర్రయ్యమ్మ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, వెళ్ళేటప్పుడు ఇద్దరికీ తలో చింతపండు ఉండ ఇచ్చింది.

ఇద్దరూ రోడ్డు మీదకి వచ్చి బస్సు కోసం నిలబడ్డారు.

"ఆ పేరు మీరు పెట్టిందేనా?" అంది ఇందుమతి.

"ఇరవై మూడేళ్ళవాణ్ణి, కొత్తగా ఈ ఊరి బళ్ళో పంతులుగా చేరాను. తవుడేం పేరు, అనుకున్నాను. నీలాగే వెతికాను. పిల్ల మురిసిపోయింది కూడా."

దూరంగా బస్సు కనబడింది. ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నారు.

"పేరు బాగానే కుదిరిందమ్మా. పిలిచేవాళ్ళే లేకపోయారు."