పోతురాజు పడవకి బ్యాటరీ

కొల్లేటి ఒడ్డున మొగలిలంకలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే పోతురాజు ఇంట్లోవాళ్ళు నలుగురూ చేతులెత్తేవారు. ఊళ్ళో ఇంకెవరూ ఎత్తేవారు కాదు. దాంతో వాళ్ళ నమ్మకం మరీ గట్టిపడిపోయింది.

పోతురాజు చేపలు పట్టేవాడు. పెళ్ళాం పైడమ్మ అమ్మేది. పెద్దకొడుకు నాంచారయ్య, చిన్నకొడుకు ఏడుకొండలు ఇంట్లో సలహాలు చెప్పేవారు. అంతా సాఫీగా సాగుతుండగా పోతురాజుకి భుజం పట్టేసింది. తెడ్డు ఎత్తలేడు. కొడుకులిద్దరూ తెడ్డు పట్టుకుంటే చెరోవైపూ తోసేవారు, పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగేది.

"ఇంక పడవ అమ్మేస్తానర్రా. చేపల చెరువుల రంగరాజుగారు శుక్రవారం వచ్చి చూస్తానన్నారు," అన్నాడు పోతురాజు. అని, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అది వాళ్ళ నాన్న చేయించిన పడవ మరి. దానిమీద అతనికి పంచప్రాణాలూను.

అది విని పైడమ్మ తమ్ముడు పడవ వెనకాల తగిలించుకునే చిన్న కరెంటు మోటారు ఒకటి పంపించాడు. బ్యాటరీ మాత్రం మీరే కొనుక్కోమన్నాడు. పోతురాజుకి ప్రాణం లేచొచ్చింది. "రాజుగారి కళ్ళముందు వలల దాకా వెళ్ళి, తెడ్డు ముట్టకుండా మోటారుతోనే ఒడ్డుకి తిరిగొస్తే పడవ మనదే. రాలేకపోతే ఆయనది. మాట ఇచ్చేశాను," అన్నాడు.

అంతే, అన్నదమ్ములిద్దరూ ఆకివీడులో జానీబాషా బ్యాటరీల షాపుకి పరిగెత్తారు.

"మంచి బ్యాటరీ ఇవ్వు భాయ్," అన్నాడు నాంచారయ్య.

"ఊరికే మంచిదంటే ఎలాగయ్యా? పడవ ఎంతుంటుందో, అందులో ఎక్కేవాళ్ళు ఎంత బరువుంటారో తెలియాలి కదా. అది తెలియకుండా ఏది సరిపోతుందని చెప్పను?" అన్నాడు బాషా.

ఇంకేముంది! మర్నాడు ఆకివీడు బజార్లో ట్రాక్టరు తొట్టెలో పడవ ఊరేగింది. పడవలో పోతురాజు, పైడమ్మ కదలకుండా కూర్చున్నారు. ఎక్కేవాళ్ళ బరువు కూడా తెలియాలన్నాడుగా! సరిగ్గా తెలియాలని పైడమ్మ చద్దన్నం క్యారియరు కూడా ఒళ్ళో పెట్టుకుంది. దారిలో ఒక ముసలాయన హడలిపోయి, "వరద ఎక్కడిదాకా వచ్చిందమ్మా?" అని అడిగాడు. "వరద కాదు బాబూ, బ్యాటరీకి వెళ్తున్నాం," అంది పైడమ్మ.

బాషా తల పట్టుకున్నాడు. అయినా మర్యాదస్తుడు, రెండు బ్యాటరీలు తెచ్చి ముందు పెట్టాడు. "ఇది కార్లకి పెట్టేది. బండి స్టార్టయ్యేటప్పుడు ఒక్క ఊపున బలమంతా ఇచ్చేస్తుంది. మీకిది వద్దు. మీ మోటారుకి తొందరపడకుండా పూటంతా కొంచెం కొంచెం ఇచ్చేది కావాలి. అదిగో ఆ పెద్దది," అని చెప్పి భోజనానికి వెళ్ళాడు.

ఆయన మాట మీద కొనేస్తే తెలివైనవాళ్ళు ఎలా అవుతారు? నలుగురూ రెండు బ్యాటరీల ముందూ బాసింపట్లు వేసుకుని, ఏది తొందరపడుతుందో అని రెప్ప వాల్చకుండా చూస్తూ కూర్చున్నారు. బాషా భోంచేసి, కునుకు తీసి వచ్చాడు.

"రెండూ నెమ్మదైనవే భాయ్. ఒక్కటీ కదల్లేదు. పాపం, కారుదాన్ని ఊరికే ఆడిపోసుకున్నావు," అన్నాడు ఏడుకొండలు.

బాషా పెద్దదాన్ని పడవలో పెట్టించి, చార్జరు చేతికిచ్చి, "మూడేళ్ళ గ్యారంటీ. ఇంటికెళ్ళి చార్జింగు పెట్టండి. నిండాక తీసెయ్యండి," అని దణ్ణం పెట్టాడు.

ఇంటికెళ్ళారు, పెట్టారు. నిండిందని తెలిసేదెలా? ఆ ఇంట్లో దేన్నయినా కాటా మీద పెట్టి చూడటమే అలవాటు. పైడమ్మ చేపలు తూచే కాటా తెచ్చింది. బ్యాటరీ తూచారు. మళ్ళీ చార్జింగు పెట్టారు, మళ్ళీ తూచారు. బరువు పెరిగితేనా!

"ఇంత కరెంటు తాగింది, చేపపిల్లంత బరువైనా పెరగలేదేంట్రా?" అన్నాడు పోతురాజు.

"ఎక్కడో కారిపోతున్నట్టుందయ్యా," అంది పైడమ్మ. అని, కారిన కరెంటు వృథా పోకుండా కింద ఇత్తడి పళ్ళెం పెట్టింది. పళ్ళెంలోనూ ఏమీ పడలేదు. "అడుగున కాదు, పైనుంచి ఆవిరై పోతోంది," అన్నాడు నాంచారయ్య. అంతే, అమ్మ చలికాలం కప్పుకునే దుప్పటి తెచ్చి బ్యాటరీకి చుట్టబెట్టాడు. అది కాస్తా పెనంలా కాలిపోవడం మొదలెట్టింది. "జ్వరం వచ్చింది భాయ్!" అని ఏడుకొండలు ఫోన్ చేశాడు.

బాషా మోపెడ్ మీద ఎగిరొచ్చి పడ్డాడు. దుప్పటి లాగేశాడు, ప్లగ్గు పీకేశాడు. ఆయాసం తీర్చుకుని నెమ్మదిగా చెప్పాడు. "కాటా అక్కర్లేదయ్యా. ఇదిగో, బ్యాటరీమీద ఈ నాలుగు పచ్చ దీపాలూ వెలిగితే నిండినట్టు. రెండు ఆరిపోగానే మోటారు ఆపెయ్యాలి. సగం వాడాక ఇంటికి తెచ్చి చార్జింగు పెట్టాలి. ఇంకా వాడారో, బ్యాటరీ చచ్చిపోతుంది."

"చచ్చిపోతుందే!" అంటూ పైడమ్మ గుండెలు బాదుకుంది. ఆ మాట నలుగురి మనసులోనూ నాటుకుపోయింది.

శుక్రవారం పొద్దున్నే రంగరాజుగారు గొడుగు పట్టుకుని వచ్చి ఒడ్డున నిలబడ్డారు. పోతురాజు, కొడుకులు పడవెక్కారు. నాంచారయ్య మీట తిప్పాడు. పడవ చప్పుడు లేకుండా కదిలింది. భుజం కదపకుండా పడవ ముందుకు పోతుంటే పోతురాజు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "మా నాన్న చూస్తే ఎంత సంతోషించేవాడో," అన్నాడు. వలల దాకా వెళ్ళారు, చేపలు తీశారు, తిరిగొచ్చారు. రాజుగారి మీసాలు కూడా కనిపించేంత దగ్గరికి వచ్చేశారు. అప్పుడు రెండో దీపం ఆరిపోయింది.

"ఆపు! చచ్చిపోతుంది!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. ఆపారు. మోకాలు దాటిన నీళ్ళు, నాలుగంగలేస్తే ఒడ్డు. తెడ్డు ముట్టకూడదు, పడవ మోటారుతోనే రావాలి. ఇంకేముంది, నాంచారయ్య దిగి, బ్యాటరీ నెత్తిన పెట్టుకుని, రాజుగారి పక్కనించే ఇంటికి నడిచి, చార్జింగు పెట్టి, మధ్యాహ్నం దాటాక మళ్ళీ నెత్తిన పెట్టుకొచ్చి పడవలో తగిలించాడు. నాలుగు దీపాలూ వెలిగాయి.

"పోనియ్యరా ఒడ్డుకి!" అన్నాడు పోతురాజు.

"ఎలా పోనిస్తాం నాన్నా?" అన్నాడు ఏడుకొండలు. "సగం వాడాకే ఇంటికి తెమ్మన్నాడుగా. ఇప్పుడు నిండుగా ఉంది."

"నిజమేరోయ్, మర్చేపోయాను," అన్నాడు పోతురాజు.

అంతే, పడవ మళ్ళీ వలల వైపు తిరిగింది. సగం వాడేసి, మళ్ళీ ఆ రెండో దీపం ఆరేసరికి సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది.

రంగరాజుగారికి ఒళ్ళు మండిపోయింది. "ఒడ్డుకే రాని పడవ నాకెందుకయ్యా! నువ్వే ఉంచుకో!" అని గొడుగు మూసి వెళ్ళిపోయారు.

పడవ దక్కింది! తండ్రీకొడుకులు ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. పొద్దుగూకేవేళ పైడమ్మ చీర ఎగ్గట్టి, అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచొచ్చింది.

"గెలిచారుగా, ఇంక ఇంటికెప్పుడొస్తారు?" అంది.

"బాషా భాయ్ మూడేళ్ళ గ్యారంటీ ఇచ్చాడే," అన్నాడు పోతురాజు సంతోషంగా. "అందాకా దీన్ని చావనివ్వకూడదుగా. అది అయిపోగానే వచ్చేస్తాం. నువ్వు దిండ్లు పంపించు."