వెలుతురు కోసం

ఆ ఏడాది పురందర్ మనసంతా ఒకే ఒక్క పిట్ట మీద ఉంది.

ప్రొద్దుటూరులో అతనికి కళ్ళద్దాల అంగడి ఉంది. ఆదివారం అంగడి మూసి, కెమెరా భుజాన వేసుకుని చెరువులూ గుట్టలూ పట్టుకు తిరుగుతాడు. అతనిలాగే పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళు చుట్టుపక్కల జిల్లాలనుంచి ఫోన్లో ఒక గ్రూపుగా చేరారు. వాళ్ళకొక నియమం ఉంది. జనవరి ఒకటో తేదీన అందరి జాబితా ఖాళీ. నిరుడు ఏమేం చూసినా లెక్కలోకి రాదు. గోడ మీది కాకి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. చూశానంటే చాలదు, ఫోటో ఉండాలి. డిసెంబరు ఆఖరుకు ఎవరి జాబితా పొడుగ్గా ఉంటే వాళ్ళదే పైచేయి. బహుమానం ఏమీ లేదు. ఆ పైచేయి కోసమే అందరూ ఎండనకా వాననకా తిరిగేవాళ్ళు.

నిరుడు పురందర్ ఒక్క పిట్ట తేడాతో వెనకబడ్డాడు. అనంతపురం ఇంజనీరు ఒకాయన ఆఖరి వారంలో పసుపు గొంతు పిగిలిపిట్ట ఫోటో పెట్టి ముందుకెళ్ళిపోయాడు. అది మన రాతిగుట్టల్లో బతికే పిట్ట. మనిషి నీడ కదిలితే చాలు, పొదలోకి దూరిపోతుంది. "మీ ఊరి పక్క గుట్టల్లోనే ఉంటుంది కదా సార్, మీకింకా దొరకలేదా?" అని ఫోటో కింద ఒక మాట రాశాడు ఇంజనీరు. ఆ మాట పురందర్‌కు ముల్లులా దిగింది. ఏడాది మారినా ఊడలేదు.

అసలు అతనికి పిట్టల్ని చూడటం నేర్పింది జమాల్ సాబ్.

జమ్మలమడుగు అవతల, ఎర్రమల గుట్టల్లో ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలి ఫకీరు జమాల్ సాబ్. పక్కనే బోదగడ్డి కప్పిన కొట్టం, అందులో ఒక చాప, ఒక కంబళి, రెండు కుండలు. ఏండ్ల కిందట తమ్ముడితో మాటలు తెగిపోయి, కంటిమీద కునుకు లేకుండా పోయినప్పుడు ఎవరో చెబితే పురందర్ ఆ గుట్ట ఎక్కాడు. తాయెత్తు కడతాడేమో అనుకున్నాడు. జమాల్ సాబ్ ఏమీ కట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుగా బండ మీద ఒక పిట్ట వచ్చి వాలింది. అది తోక ఆడించి, ముక్కు బండకు రుద్దుకుని, ఎగిరిపోయేదాకా ఇద్దరూ నోరు విప్పలేదు.

"రోజుకొకసారైనా నీది కానిదాన్ని చూడు నాయనా" అన్నాడు ముసలాయన. అంతే ఉపదేశం.

పురందర్ చూడటం మొదలుపెట్టాడు. మెల్లగా నిద్ర పట్టింది. తర్వాత కెమెరా కొన్నాడు. ఏడాది చివర తను తీసిన ఫోటోలన్నీ ఆల్బమ్‌గా చేసి గుట్ట మీదికి తీసుకెళ్ళేవాడు. జమాల్ సాబ్ ఒక్కో ఫోటోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసేవాడు. పిట్టతో పాటు అది కూర్చున్న కొమ్మనూ, వెనకున్న ఆకాశాన్నీ కూడా చూసేవాడు. మొదట్లో పురందర్ ఆయనతో పాటే చూసేవాడు. జాబితా పెరిగేకొద్దీ అతనికి ఓపిక తగ్గింది. ఆయన చూస్తుండగానే పేజీ తిప్పేయడం అలవాటైంది.

ఆ వేసవి చివర గుట్టెక్కినప్పుడు తన బాధ చెప్పుకున్నాడు. నాలుగు నెలలుగా తిరుగుతున్నాననీ, ఆ పిట్ట గొంతు వినిపిస్తుందే గాని మనిషికి చిక్కదనీ చెప్పాడు. ముసలాయన కాసేపు ఆలోచించాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచి, దర్గా వెనక బండల్లోకి తీసుకెళ్ళాడు. ఒక చీలికలో కలేకాయల ముళ్ళపొద దట్టంగా అల్లుకుని ఉంది.

"ఆ పొదలో గూడు పెట్టుకుంది. ఎవురికీ చెప్పలేదు" అన్నాడు. "ఈడ దూరంగా కూర్చో. దానికి నీ మీద నమ్మకం కుదిరితే అదే కనపడుతుంది."

పురందర్ వరసగా కొన్ని ఆదివారాలు అక్కడే కూర్చున్నాడు. ఆకుల మధ్య ఒక పసుపు మెరుపు, ఒక తోక కొస, అంతకుమించి దొరకలేదు. తీసిన ఫోటోల నిండా ఆకులే.

ఆషాఢం వచ్చింది. గుట్టల మీద గాలి ఎర్రమన్ను లేపుకుంటూ తిరుగుతోంది. పొదలోంచి సన్నగా పిల్లల కూతలు వినబడ్డాయి. ఇంకొన్నాళ్ళకు రెక్కలొచ్చి వెళ్ళిపోతాయని పురందర్‌కు తెలుసు. వెళ్ళిపోతే ఈ ఏడాదీ అంతే.

ఆ వారం మధ్యలో ఒకరోజు అంగడి మూసి, మిట్టమధ్యాహ్నం ఒక్కడే గుట్టెక్కాడు. జమాల్ సాబ్ అన్నం కోసం కింద పల్లెకు దిగి ఉన్నాడు. పురందర్ బైకు పెట్టెలోంచి తెచ్చుకున్న కత్తితో ఒక కొమ్మ కోశాడు. ఒక్కటే కదా అనుకున్నాడు. ఇంకా నీడ పడుతోంది. ఇంకొకటి కోశాడు. తర్వాత మరొకటి. అప్పుడు ఎండ నేరుగా గూట్లో పడింది. లోపల రెండు పిల్లలు, ఈకలు సరిగా రానివి, వచ్చింది తల్లేననుకుని నోళ్ళు తెరిచాయి.

అతను వెనక్కి వచ్చి బండ చాటున కూర్చున్నాడు. తల్లి వచ్చింది. ముక్కున పురుగుతో గూటి అంచున వాలి, ఆ వెలుతురుకు బిత్తరపోయినట్టు ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. గొంతు మీది పసుపు ఎండలో వెలిగింది. ఆ క్షణమే అతనికి కావలసింది.

అది అతని జీవితంలోకెల్లా మంచి ఫోటో. కోసిన కొమ్మలు మళ్ళీ పొదకు ఆనించి పెట్టాడు. గాలికి అవి నిలవవని చేతులకు తెలుస్తూనే ఉంది. కట్టడానికి తాడు లేదు. తాడు కోసం దర్గా దగ్గరికి వెళ్తే ముసలాయన ఎదురుపడతాడేమో. దిగి వచ్చేశాడు.

సాయంత్రానికి గ్రూపంతా మోగిపోయింది. ఇంజనీరు కూడా మెచ్చుకున్నాడు. ఆ మాటను పురందర్ పదేపదే చదువుకున్నాడు.

ఆదివారం ఫోటోను పెద్దది చేయించుకుని గుట్టెక్కాడు. గురువు దగ్గరికి వెళ్ళకముందే కాళ్ళు వెనక బండల వైపు లాగాయి. ఆనించి పెట్టిన కొమ్మలు ఎక్కడో కింద రాళ్ళలో పడి ఎండిపోయాయి. గూడు ఒక పక్కకు ఒరిగి ఉంది. అందులో ఏమీ లేదు.

తల్లి ఎదుటి బండ మీద ఉంది. ముక్కున పురుగు ఉంది. పొద దాకా ఎగిరి వచ్చింది, లోపలికి దూరలేదు, మళ్ళీ బండ మీదికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. పురుగు ముక్కునే ఉంది.

పురందర్ అక్కడ నిలబడలేకపోయాడు. దిగి వెళ్ళిపోదామనుకున్నాడు గాని, అప్పటికే కొట్టం వాకిట్లోంచి జమాల్ సాబ్ చెయ్యి ఊపి పిలిచాడు.

లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ముసలాయన నీళ్ళిచ్చాడు. బయట గాలి హోరుమంటోంది. గాలి తగిలే వైపు కందికట్టెతో అల్లిన తడక కట్టి ఉంది గనక లోపల నిమ్మళంగా ఉంది. పురందర్ గూటి సంగతి ఎత్తలేదు. ఫోటో బయటికి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

జమాల్ సాబ్ దాన్ని వాకిటి వెలుగుకు తిప్పుకుని చూశాడు. తల్లిని చూశాడు. పిల్లల తెరిచిన నోళ్ళను చూశాడు. ఆయన వేలు మెల్లగా ఫోటో మూలకు జరిగింది. అక్కడ, కాస్త మసకగా, కోసిన కొమ్మ మొదలు తెల్లగా కనబడుతోంది. వేలు అక్కడ ఆగింది. ఈసారి పేజీ తిప్పడానికి లేదు.

"బాగుంది నాయనా" అని ఫోటో పక్కన పెట్టాడు. తర్వాత, "నాదొకటి తీస్తావా?" అన్నాడు.

పురందర్ ఆశ్చర్యపోయాడు. ఇన్నేండ్లలో ఎన్నిసార్లు అడిగినా ఆయన కెమెరా ముందు కూర్చోలేదు. మాట మారినందుకు కొంత ఊపిరి కూడా వచ్చింది. గబగబా కెమెరా బయటికి తీశాడు. ఇక్కడ చీకటిగా ఉంది, బయటికి వచ్చి కూర్చోండి తాతా అన్నాడు.

"నేనుండేది ఈడ కదా. ఈడుండంగనే తియ్యి."

"వెలుతురు చాలదు తాతా."

"అడ్డముండేది తీసేస్తే సరిపోతుందిలే" అన్నాడు జమాల్ సాబ్.

చూరులోంచి కొడవలి అందుకుని, తడక కట్టిన తాళ్ళు ఒక్కొక్కటీ కోశాడు. పురందర్ వద్దనే లోపే ముసలాయన తడకను బయటికి నెట్టేశాడు. గాలి ఒక్కసారిగా కొట్టంలోకి దూకింది. పొయ్యిలో బూడిద లేచింది. కంబళి మూలకు ఎగిరిపడింది. పల్లెనుంచి తెచ్చుకున్న అన్నం మీద ఎర్రమన్ను కప్పింది. ముసలాయన తిరిగి వచ్చి తన చాప మీద, తన చోట్లోనే కూర్చున్నాడు. దుమ్ము కళ్ళలో పడి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇప్పుడు చాలునా వెలుతురు?"

పురందర్ కెమెరా ఎత్తాడు. అద్దంలోంచి గాలికి అల్లల్లాడే తెల్లగడ్డం కనబడింది. ఎముకలు తేలిన ఛాతీ కనబడింది. దుమ్ముకు మూతలు పడుతున్న కళ్ళను బలవంతాన తెరిచి, ముసలాయన అతనివైపే చూస్తున్నాడు. వేలు బటన్ మీద ఉంది. నొక్కలేకపోయాడు.

కెమెరా కింద పెట్టి బయటికి పరుగెత్తాడు. తడకను లేపి తెచ్చి నిలబెట్టాడు. కట్టబోతే తాళ్ళు అందలేదు. కోసిన కొసలు పొట్టివైపోయాయి. ముడి వేసిన ప్రతిసారీ జారిపోయాయి. చివరికి తన వీపు తడకకు ఆనించి, కాళ్ళు నేలలో తన్నిపట్టి అలాగే కూర్చున్నాడు. గాలి వెనకనుంచి తోస్తోంది. కొట్టంలో మళ్ళీ చీకటి పడింది.

"కొమ్మలు కోసింది నేనే" అన్నాడు.

"కాకులొచ్చినాయి. అరుపులు ఇని కర్ర తీసుకుని పోయినా" అన్నాడు జమాల్ సాబ్. "ఈ కాళ్ళతో బిరబిర పోలేను కదా నాయనా. పోయేటప్పటికి అయిపోయింది."

తర్వాత తనలో తను అనుకున్నట్టు, "నీకు చూపించింది నేను" అన్నాడు.

ఆ మాటలో నింద లేదు. ఉండి ఉంటే పురందర్ తట్టుకునేవాడేమో. అతని తల వంగిపోయింది. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుందామన్నా తడకను వదలడానికి లేదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. జమాల్ సాబ్ లేచి, అన్నం మీది మన్నును పైపైన తీసేసి, మిగిలింది ఇద్దరికీ పెట్టాడు. పంటికింద ఇసుక కరకరలాడింది. ఇద్దరూ తిన్నారు. తర్వాత పురందర్ ఆయన ఇచ్చిన పాత గుడ్డను పేలికలుగా చించి తడకను గట్టిగా కట్టాడు. ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు.

దిగే ముందు ఫోన్ తీశాడు. ఆ పిట్టను జాబితాలోంచి తీసేస్తాననీ, ఎందుకు తీసేస్తున్నానో కూడా గ్రూపులో రాస్తాననీ చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. పురందర్ కెమెరా తెరిచి ఆ ఫోటో దగ్గర ఆగాడు.

"దీన్ని కూడా చెరిపేస్తాను తాతా. మీ ముందరే."

జమాల్ సాబ్ చెయ్యి చాచి అతని వేలు పట్టుకున్నాడు.

"ఉండనీ నాయనా" అన్నాడు. "ఆ రెండూ ఈ లోకానికి వచ్చి పోయినాయనేదానికి, ఇంగేం గుర్తుంది?"