గాజు తీగలో మనవడు

చినలంకలో తెలివంతా తమ గడప దగ్గరే ఆగిపోయిందని పేరయ్య ఇంటివాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అక్షరం జారనివ్వరు. పేరయ్య భార్య వరహాలమ్మ ఆ సంగతి వీధంతా చెప్పుకుని మురిసిపోతుంది.

వాళ్ళ కూతురు మంగకి భిలాయిలో మగపిల్లాడు పుట్టాడు. రైలు టిక్కెట్లు దొరకలేదు. బారసాల నాడు మనవడి మొహం టీవీలోనైనా చూడకపోతే వరహాలమ్మకి ముద్ద దిగేలా లేదు. అందుకని కొత్తగా నెట్టు పెట్టించారు. కేబుల్ ప్రసాదు తీగ చుట్ట తెచ్చి, ఇది రాగి కాదు గాజు అనీ, బొమ్మలూ మాటలూ ఇందులో వెలుగై వస్తాయనీ చెప్పాడు.

"ఎక్కడా వంచకండి పిన్నిగారూ. వంగిందంటే వెలుగు కారిపోద్ది," అని చెప్పి, బిగించే పెట్టె తేవడానికి వెళ్ళాడు.

ఇంకేముంది, వరహాలమ్మ గుండెల్లో రాయి పడింది. వీధి స్తంభం నుంచి టీవీ దాకా తీగ మలుపులు తిరగాలి. మలుపు దగ్గర మనవడి ముక్కు కారిపోతే?

"పసిపిల్లలకి ముక్కు కారడం మామూలేగా వదినా," అన్నాడు మరిది సత్తిరాజు.

"కారిన ముక్కయితే తుడవొచ్చయ్యా. ఊడి కాలవలో పడితే ఎవరు తెస్తారు?"

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. పేరయ్య స్తంభం దగ్గర నుంచి తాడు పట్టి సూటిగా గీత గీశాడు. వంటింటి గోడ అడ్డొచ్చింది. అంతే, గునపంతో కన్నం పొడిచారు. కన్నం అవతల పప్పు డబ్బాల అలమర ఉంది. అంతే, అదీ పోయింది. దాంతోపాటు ఆవకాయ జాడీ కూడా పగిలింది. దానికి మాత్రం సత్తిరాజు కాస్త ఏడ్చాడు. ఇంత చేసినా గీత టీవీ దగ్గరికి పోకుండా తిన్నగా పశువుల పాకలోకి పోయింది. తీగ వంగకూడదన్నాడు గానీ, టీవీ కదలకూడదని ప్రసాదు అనలేదు కదా. మోసుకెళ్ళి ఆవు ముందున్న మేత గాడి మీద పెట్టారు.

ప్రసాదు తిరిగొచ్చి ఆ కన్నంలోంచి తల పెట్టి చూశాడు. మెల్లగా తిప్పితే తీగకేమీ కాదని, తను ఇల్లు కూల్చమనలేదని మొత్తుకున్నాడు. అవతల బారసాల మొదలైపోతోంది. చేసేది లేక పాకలోనే పెట్టె బిగించాడు. పోతూ పోతూ తీగ కొస చూపించి ఇంకో ముక్క చెప్పాడు.

"ఇందులోంచి వచ్చే వెలుగు కంటికి కనపడదు. అయినా సూటిగా చూశారంటే కళ్ళు పోతాయి."

టీవీలో మంగ గొంతు వినపడగానే వరహాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఉసూరుమంది. మనవడు వచ్చేది ఆ వెలుగులోంచే కదా. చూడకుండా ఉండలేదు, చూస్తే కళ్ళు పోతాయి. బాగా ఆలోచించి తువ్వాళ్ళు తెప్పించింది. ముగ్గురూ కళ్ళకి గంతలు కట్టుకుని గాడి ముందు వరసగా కూచున్నారు.

"అమ్మా, బాబు కనపడుతున్నాడా?"

"కనపడని వెలుగటే తల్లీ. అయినా తెలుస్తూనే ఉంది, అచ్చం మీ నాన్న పోలికే." కళ్ళు తుడుచుకోబోయి వరహాలమ్మ తువ్వాలు తుడుచుకుంది. "మా వెలుగు మీ వైపూ వస్తుంది. మీ కళ్ళు జాగ్రత్త."

మంగ కూడా ఆ ఇంటి పిల్లే. అంతే, భిలాయిలో బారసాలకొచ్చిన వాళ్ళందరికీ గంతలు కట్టించి, తనూ కట్టుకుంది. బాబు ఎలాగూ కళ్ళు మూసుకుని నిద్రపోతున్నాడు.

అలా ఆ పిల్లాణ్ణి కళ్ళారా చూసింది ఆవు ఒక్కటే. చూసి చూసి, "అంబా" అంది.

వరహాలమ్మ మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విన్నారా? అప్పుడే అమ్మమ్మా అని పిలిచేశాడు."